దొర అంగి

1983. పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాసకు ముందు రోజు సాయంత్రం. వరంగల్ కాశిబుగ్గలో రెండర్రల పెంకుటిల్లు. మంచం పట్టిన బక్కమ్మ, కోర్టు నుంచి అప్పుడే ఇంటికి చేరిన ఆమె మనుమడు మొగిలి.

"దొరకలేదంటి గదా నాయినమ్మా. ఎన్నిమాట్ల అడుగుతవు?"

"దొరకకపోతే దొరకలేదను. గోడ దిక్కు మొకం పెట్టి ఎందుకంటవు?"

"అంగి విప్పుతాన. చిలుక్కొయ్య గోడకే గదా ఉన్నది."

"ఇంతసేపు విప్పే అంగిని నేనెన్నడు జూడలే. ఇటు రా. మంచం మీద కూసో. చేతుల పొట్లమేంది?"

"మిర్చీలు. టేసన్ కాడ ఏడేడిగ ఏస్తాంటే తెచ్చిన. నీకు పానమాయె గదా మిర్చీలంటే."

"రెండేండ్ల సంది నా మొగని కోసం కోర్టు సుట్టు తిరుగుతానవు. ఒక్కనాడన్న మిర్చి తెచ్చినవా?"

"తేకపోతే తెస్తలేవంటవు. తెస్తే ఎందుకు తెచ్చినవంటవు. నీతోని ఎట్ల ఏగాలె చెప్పు."

"ఏం దొరకని నాడు నువ్వెట్ల వస్తవో నాకెర్కలేదా? కాళ్లు గడుక్కోకముందే లొల్లి వెడుతవు. జవాను రేపు రమ్మన్నడు, పెద్దసారు సెలవు మీద పోయిండు, పాత కాయితాల అర్రల ఎలుకలు వడ్డయి, నీ మొగని ఎన్కవడి నా మిల్లు నౌకరి పోతదే ముసలిదానా అని నన్నే తిడుతవు. ఇయ్యాల ఒక్క తిట్టు లేదు."

"తిట్టాల్నా?"

"తిట్టు."

"రేపు తిడుత. ఇయ్యాల పానం బాగలేదు."

"రేపు పెత్రమాస. పొద్దుగాలనే అయ్యగారొస్తడు. బియ్యం ముంగట వెట్టుకొని ఎవలెవల పేరు మీద ఇస్తరమ్మా అంటడు. మా అత్త, మా మామ, నా కొడుకు యాకయ్య. ఆడిదాంక నోరు ఆడుతది. ఇంకెవలన్న ఉన్నరా అంటడు. ఏటేట గదే అడుగుడు, ఏటేట నేను తల దించుడు. ఈసారన్న ఉన్నడో లేడో ఒకటి చెప్పాలె."

"ఈ ఏడు గూడ తల దించు. మీదికెల్లి ఏమన్న ఊడివడ్తదా?"

"వచ్చే ఏటికి నేనుంటనా?"

"ఎందుకుండవు?"

"దవాఖాన్ల డాక్టరు నిన్ను బయటికి పిలుచుకపోయి మాట్లాడుడు నేను జూడలేదనుకున్నవా?"

"మందులు మార్చాలన్నడు."

"సరే, మార్చాలన్నడు. నేను సచ్చినంక నా మొకాన బొట్టు ఉంచుతరా, తుడుస్తరా? గది చెప్పు నాకు. పసుపు రాసి, గాజులతోని, ముత్తైదు లెక్క తీస్కపోతరా? గాజులు పలగొట్టి తీస్కపోతరా?"

"గా మాటలెందుకిప్పుడు."

"ఇప్పుడు గాకుంటే కులపోళ్లు నా పీనుగ ముంగట కొట్లాడుకుంటరు. రాజక్క బిడ్డ పెండ్లికి పసుపు దంచేటాడికి పోతే ఏమైంది? రోకలి చేతికియ్యలే. పొమ్మని గూడ అనలే. ఒకామె ముత్తైదే గదా అంటది, ఇంకొకామె ఎవలకెర్క అంటది. ఇంత ముసలిదాన్ని, రోకలి దిక్కు జూసుకుంట నిలబడ్డ. ఉన్నోని పేరు మీద బొట్టు తుడుచుకుంటే నేనే ఆయన్ను సంపినట్టు. లేనోని పేరు మీద బొట్టు పెట్టుకుంటే అదొక పాపం. ఏది నిజమో ఎర్కలేకుంట సావద్దని నాకు. అంతే. ఇంకేం కోరిక లేదు."

"నాకు మాత్రం లేదా ఆ ఆరాటం? నేను తిరగని జాగ చెప్పు. డోర్నకల్ల రైలుపట్టాల గ్యాంగుల తాత పేరుతోనే గుండయ్య అనేటోడు ఉన్నడంటే పోయిన. ఆయనకు నా తండ్రి వయసు గూడ లేకపాయె. తొర్రూరు అంగట్ల పత్తి మోసే ముసలాయన ఎవలు లేనోడు, మీ ఊరి పేరే చెప్తాండంటే ఆడికీ పోయిన."

"ఆయన ఏడ్సిండంటివి."

"ఏడ్సిండు. నేనే మీ తాతననుకో బిడ్డా, ఇంటికి తీస్కపో అన్నడు."

"తీస్కరాకపోతివి. నీకు తాత దొరుకు, నాకు మొగడు దొరుకు."

"నువ్వు గుర్తువట్టవా?"

"ఏం గుర్తువడ్త. రెండేండ్ల కాపురం. పందొమ్మిదేండ్ల పొల్లను. మొకమంత మసుకమసుకైంది. నడక యాదికున్నది, కుడికాలు జర పక్కకు ఏస్తుండె. నీ నాయిన గూడ గట్లనే నడిచేటోడు. నువ్వు నడుస్తలేవు. ఆ ముసలాయనకు ఇంత బువ్వన్న పెట్టిచ్చినవా?"

"పెట్టిచ్చిన. చాయ తాపిన."

"మంచిగ జేసినవు. ఇయ్యాల సారంగపాణి సారు రాలేదా? ఉర్దూ సదివేటోళ్లు ఇగ ఆయనొక్కడే అంటివి."

"వచ్చిండు."

"వస్తే సదవలేదా?"

"సదివిండు."

"సదివితే దొరకకపోవుడేంది?"

"గుండయ్య అనే పేరు లేదు నాయినమ్మా. జేల్ఖాన పేర్లల్ల లేదు, దావల్ల లేదు, సాచ్చెం చెప్పినోళ్లల్ల లేదు. ఏ కాయితంల లేదు. ఒట్టు."

"ఒట్టు వెట్టమని నేనడిగిన్నా? పొద్దటి సంది పొద్దుగూకేదాంక మీరు ఏం సదివిండ్రని అడుగుతాన."

"ఎవలిదో సదివినం."

"ఎవలిది?"

"దొరోళ్లది."

"ఏ దొరోళ్లది?"

"మన ఊరి దొరది. భూమి పంచాయితి. మన ఊరి పేరు కనవడ్డదని సారు తీసిండు. అండ్ల మనకేం పని లేదు. మిర్చి తిను, సల్లారుతాంది."

"ఎవలెవల నడుమ పంచాయితి?"

"దొరసానికి, దొర తమ్ములకు. రజాకార్ల లొల్లి అయిపోయినంక చానేండ్లకు ఏసుకున్నరు. అప్పటికి మనం ఊరిడిసి ఈడికొచ్చినం గదా."

"దొరకు పిల్లలు లేకపాయె. దొర జేల్ఖానల సచ్చె. తమ్ములు భూమి మాదన్నరా?"

"అవు. మా అన్న జేలుల సచ్చిండు, కొడుకులు లేరు, భూమి మాకే వస్తదన్నరు."

"సర్కారు అమీనును కొట్టి కాలిరిగ్గొట్టిచ్చిండని జేలువడ్డది దొరకు. కూలోన్ని కొడితే ఎవలడిగేటోళ్లు. కొట్టింది సర్కారు మనిషినాయె. జేలుకు పోయిన కొన్నాళ్లకే గత్తరొచ్చి సచ్చిండు. పీనుగను ఊరికే తెచ్చిండ్రు. ఊరంత ఎర్కే గదా ఇది. మరి దొరసాని ఏమన్నది?"

"ఏమంటది. భూమి నాదన్నది."

"ఎట్ల నీదంటే ఏమన్నది?"

"ఆఖరికి రాజీ అయిండ్రు. తలా ఇంత పంచుకున్నరు."

"నేనడిగింది గది గాదు."

"నాయినమ్మా, దమ్ము వస్తాంది నీకు. జర సేపు పండుకో."

"మొగిలీ. నీ నాయిన కడుపుల ఉండంగ గా గడీల వడ్లు దంచిన. దొరసాని నోరు నాకెర్క. ఉత్తగ నాదంటే నాదనే మనిషి గాదు ఆమె. ఏమన్నదో చెప్పు."

"నా మొగడు సావలేదన్నది."

"ఏమన్నది?"

"సావలేదన్నది. హైద్రాబాదుల ఉన్నడన్నది. జేలుకే పోలేదన్నది. తమ్ములు నమ్మకపోతే ఆయన్ను కోర్టుకు తీస్కొచ్చి నిలబెట్టింది. దొర దస్కతు ఉన్నది ఫైలుల. సచ్చిండని జేలోళ్లు రాసిన కాయితం గూడ అదే ఫైలుల ఉన్నది. రెండు ఒకదాని మీద ఒకటి కుట్టి ఉన్నయి."

"దొర సావలేదా?"

"అప్పుడు సావలే."

"మరి జేలుల సచ్చిందెవలు?"

"నాకెర్కలేదు."

"ఫైలుల ఏమున్నది?"

"ఫైలుల గూడ గంతే."

"ఫైలుకు ఎర్కలేకపోతే ఆమెకు ఎర్కుండాలె గదా. పంపినామెకు."

"పంపినామె అని నేనన్ననా?"

"నువ్వనలే. దొర పేరు చెప్పి దొర గానోడు జేలుకు పోయిండంటే ఎవలో ఒకలు పంపాలె గదా బిడ్డా. తనంతల తను ఎవడు పోతడు?"

"నీళ్లు తాగుతవా?"

"వద్దు."

"అరుణా, ఇన్ని నీళ్లు తేవే."

"వద్దన్న గదా. నీ పెండ్లాన్ని పిలవకు. ఆ పిల్ల పొయ్యి కాడ ఉండని. ఎవలను పంపిండ్రు?"

"జీతగాన్ని."

"ఏ జీతగాన్ని?"

"పేరు లేదు. వచ్చినకాన్నుంచి గదే చెప్తాన నీకు, పేరు లేదు, పేరు లేదు అని. 'మా ఇంట్ల జీతముండే ఒకన్ని పంపినం' అన్నది. అంతే ఉన్నది."

"జడ్జి అడగలేదా ఎవడా ఒకడు అని?"

"అడగలే. తమ్ముల వకీలు అడగలే, దొరసాని వకీలు అడగలే, జడ్జి అడగలే. ఇంకోపారి సదువు సారూ, ఏడన్న ఉంటది అన్న. ఆయన అద్దాలు తుడుసుకొని మల్ల మొదటికెల్లి సదివిండు. వాళ్లకు కావల్సింది దొర ఉన్నడా లేడా అని. ఉన్నడని తేలింది. ఇగ సచ్చినోడు ఎవడైతే వాళ్లకేంది?"

"ఒకడు."

"గందుకే దొరకలేదన్న. నేను అబద్ధమాడలే. నువ్వేమేమో మనసుల వెట్టుకోకు. గడీల ఎంతమంది జీతగాళ్లుంటుండె. వేరేటోడు కావచ్చు."

"జేలుకు ఎప్పుడు పోయిండట ఆ ఒకడు?"

"తారీఖు ఉర్దూ నెలలల్ల ఉన్నది, సరిగ తెలుస్తలేదు."

"సారు లెక్కగట్టలేదా?"

"గట్టిండు గని, పాత లెక్కలు, తప్పువోవచ్చు అన్నడు."

"ఏం నెల?"

"మాఘం."

"సమ్మక్క జాతర అయినంక."

"నాయినమ్మా."

"మేడారం పోయి వచ్చిన వారానికే పోయిండు మీ తాత. కడుపుల పిల్లగాడు సల్లగుండాలని బెల్లం మొక్కినం. వచ్చినమో లేదో గడీకి పిలిచిండ్రు. నేను అప్పుడు గడీ పెరట్ల వడ్లు దంచుతాన. మంగలి వచ్చి గడ్డం గీసిండు. తానం జేపిచ్చిండ్రు. దొర దోతి గట్టిచ్చి, దొర అంగి తొడిగిచ్చి, కాళ్లకు కిర్రుచెప్పులు ఏపిచ్చిండ్రు. దొర ముంగట చెప్పులు చేతుల పట్టుకొని నడిచే మనిషాయె, ఎన్నడన్న తొడిగిండా? అడుగేస్తే పడుతాండు. నాకు నవ్వొచ్చింది బిడ్డా. రోకలి ఆపి నవ్విన."

"వద్దులే నాయినమ్మా. చాలు."

"ఎటు పోతానవంటే దొర పని మీద పట్నం పోతాన అన్నడు. ఎన్నడొస్తవంటే పని అయితే అన్నడు. నా దిక్కు సూడలే. తెరలు గట్టిన కచ్చురం బండి దర్వాజ కాడ ఉన్నది. దొర ఇయ్యాలనే జేలుకు పోతాండని అందరనుకుంటాండ్రు. మీ తాత అండ్లనే ఎక్కిండు. దొరకు తోడు పోతాండనుకున్న. తెర ఎనుక దొర ఉన్నడో లేడో ఎవలు జూసిండ్రు? వంగి సూసే దైర్నం ఎవలకుండె? నేనైతే మురిసిన. మావానికి దొర తన అంగి ఇచ్చిండని వాడకట్టంత చెప్పుకున్న."

"నీకేమెర్క అప్పుడు."

"తర్వాత వస్తలేడేందని పోయి అడిగితే పట్నంల పని అయితలేదన్నరు. దొర సచ్చినంక పోయి అడిగితే, నీ మొగడు దొర అంగి, చెప్పులు ఎత్తుకొని పారిపోయిండు, మల్ల గడీ మెట్లెక్కకు అన్నరు. దొంగోని పెండ్లామని ఊరంత అన్నది. నీ నాయినను దొంగోని కొడుకనే పిలిచేటోళ్లు. ఆ మాట పడలేకనే గదా వరంగల్ వచ్చింది."

"నాయిన నాకు చెప్పలే ఎన్నడు."

"ఏమని చెప్తడు. మొగిలీ, ఆయనకు ఎర్కనా? జేలుకు పోతానని ఎర్కుండే బండెక్కిండా?"

"ఎర్కనే ఉంటది. దొర పేరు అడిగితే నాదే అని చెప్పాలె గదా. నేర్పే ఉంటరు."

"నాకు చెప్పకపాయె."

"చెప్తే నువ్వు పోనిస్తువా?"

"పోనియ్యక ఏం జేస్తు. నేనెవల్ని ఆపేటందుకు? నీళ్లు మొయ్యమంటే మోసుడు, డోలి మొయ్యమంటే మోసుడు. ఇంటికో వంతు, వంతొస్తే పోవుడే. జేలుకు పొమ్మంటే గది గూడ ఒక వెట్టి అనుకున్నడేమో. పనైతే వస్త అన్నడు. పని అన్నడు సూడు దాన్ని."

"నేను ఇడువ నాయినమ్మా. దావ ఏస్త. మిల్లు పోతే పోయింది."

"ఎవల మీద ఏస్తవు? దొర సచ్చిండు. దొరసాని సచ్చింది. గడీల గబ్బిలాలు తిరుగుతానయి."

"సారును గదే అడిగిన."

"ఏమన్నడు?"

"ఏమంటడు. కాయితంల సచ్చింది దొర. ఆ దొర సావలేదని గూడ కాయితమే చెప్తాంది. మరి ఎవలు సచ్చినట్టు, ఎవలి కోసం దావ ఏస్తవు బిడ్డా అన్నడు. సరే, మా తాత సచ్చిండని ఒక సర్టిఫికెట్టన్న ఇప్పియ్యి సారూ అన్న. అర్జీ పట్టుకొని ఆఫీసుకు పోతే, నీ తాత పుట్టినట్టే మా కాడ లేదు, సచ్చినట్టు ఎట్లియ్యాలె అన్నరు. ఆ ఆఫీసు సారు గూడ మంచోడే. కోపానికి అనలే. పుస్తకాలు జూసే అన్నడు. బయటికొచ్చి సారంగపాణి సారు నా భుజం మీద చెయ్యి ఏసిండు. ఇగ రాకు బిడ్డా, ఆ పాత కాయితాల అర్రల నీకు సంబందించింది ఏం లేదు అన్నడు. గంతసేపు ఆ మెట్ల మీదనే కూసున్న. నీకు ఎట్ల చెప్పాలె, ఏం చెప్పాలె అని."

"చెప్పొద్దనే అనుకున్నవు గదా."

"అవు. చెప్పొద్దనే అనుకున్న. ఉన్నడో లేడో అనుకుంట బొట్టుతోని పోతవు గదా అనుకున్న. అండ్ల తప్పేంది?"

"తప్పేం లేదు బిడ్డా. నీ తాత గూడ చెప్పకుంటనే పాయె. అరుణా, అరుణా, ఇటు రా బిడ్డా. ఒక తడి బట్ట తే."

"తడి బట్టనా? జరమొచ్చిందా పెద్దత్తా?"

"జరం గాదు అరుణా. తే."

"తేకు అరుణా. నువ్వు లోపటికి పో. నాయినమ్మా, నా మాట ఇను. పేరు లేదు ఫైలుల. రేపు ఎవలన్న అడిగితే సూపెట్టేటందుకు మనకొక అచ్చరం లేదు. వేరేటోడైతే ఎట్ల? ఉన్న మనిషికి బొట్టు తుడుచుకున్నట్టైతది."

"మా వాడల కెల్లి పోయి మల్ల రానోడు ఆయనొక్కడే. వేరేటోడైతే వాని పెండ్లామేది? నా లెక్క ఎదురుసూసినామె ఇంకొకామె ఉండాలె గదా. ఎవలున్నరు?"

"ఏమో."

"ఏమో గాదు. నువ్వు నీ మనసుకు ఎర్కుండే అడ్డం చెప్తానవు. ఏడువకు. మొగోనివి, ఆ పిల్ల సూస్తాంది."

"సూడని."

"రేపు అయ్యగారొస్తే ఇంకెవలన్న ఉన్నరా అంటడు. అప్పుడు నువ్వు చెప్పకు. నేనే చెప్త పేరు."

"నువ్వా? నువ్వెన్నడన్న తాత పేరు తీసినవా? రేషన్ కార్డోళ్లు అడిగితేనే నోరు మూసుకొని నా దిక్కు సూస్తివి."

"మొగని పేరు నోట్లెకెల్లి తీస్తే ఆయనకు ఆయుష్షు తగ్గుతదని మా అత్త చెప్పింది. ఆయన ఏడున్నా సల్లగుండాలని ఇన్నేండ్లు నోరు గట్టుకున్న. నిద్రల గూడ తియ్యలే. ఇగ తగ్గేటందుకు ఏమున్నది? గుండయ్య. సూసినవా, నోరు తిరుగుతలేదు. గుండయ్య. వాళ్ల కాయితంల లేకపోతే లేకపాయె. అయ్యగారు మూడుమాట్ల అనాలె రేపు, గుండయ్య, గుండయ్య, గుండయ్య అని."

"అనిపిస్త."

"కొత్త బియ్యం పెట్టు. గుమ్మడికాయ పెట్టు, ఆయనకు ఇష్టం. అరుణా, ఇటు తే బిడ్డా. నువ్వే తుడువు."

"నేను తుడువ పెద్దత్తా. నాతోని గాదు."

"అయితే బట్ట నాకియ్యి. గాజులు రేపు పొద్దుగాల తీస్త. ఇగో, అయిపాయె. ఏమంత కష్టం లేదు. మొగిలీ, ఇటు సూడు. ఎట్లున్న?"

"నేను సూడ."

"సూడు."

"నాకు వేరే ఏది గాదు నాయినమ్మా, ఒక్కటే బాధ. దిక్కులేని సావైంది తాతది. దొర పేరు మీద సచ్చిండు. గత్తర అంటుకుంటదని మొకం మీద బట్ట తియ్యనియ్యలేదట, మన ఊరి వాగు కాడనే కాలవెట్టిండ్రట. దొరసాని చెప్పింది అంత రాసి ఉన్నది. మీదవడి ఏడ్సినోళ్లు లేకపాయె. మన మనిషి ఒక్కలు లేకపాయె. ఒక్క కట్టెపుల్ల ఏసినోళ్లు లేకపాయె."

"ఉండె బిడ్డా."

"ఎవలుండె?"

"దొర కాష్టానికి ఇంటికో కట్టెల మోపు తేవాలన్నరు. మా ఇంట్ల వంతు మీ తాతది. ఆయన పట్నం పోయిండు, ఇంట్ల లేడంటే, ఆయన లేకపోతే నువ్వు మొయ్యి అన్నరు. నిండు కడుపుతోని మోసిన. దొర పీడ వాయెనని తొవ్వ పొడుగూత సంబురపడుకుంట మోసిన."